బెంజ్ సర్కిల్ లయని గీతల్లో పట్టాలంటే: చార్‌కోలా, బ్రష్ పెన్నా?

నమస్కారం అండి. ఈరోజు రివ్యూలో రెండే సరుకులు: సన్న చార్‌కోల్ (బొమ్మలు గీసే బొగ్గు) కడ్డీ, కుంచెలాంటి మొన ఉన్న నల్ల ఇంకు బ్రష్ పెన్. పరీక్ష కూడా ఒక్కటే. విజయవాడ బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌ని, బండి బొమ్మ ఒక్కటీ వెయ్యకుండా, వట్టి గీతలతో కాగితం మీదకి తేవాలి.

కాగితం ఏ3 సైజు, 150 జీఎస్ఎం (చదరపు మీటరుకి 150 గ్రాముల బరువు) కార్ట్రిడ్జ్ అనే డ్రాయింగ్ కాగితం, కాస్త గరుకుది తీసుకోండి. నున్నటి కాగితం మీద బొగ్గు నిలవదు.

ముందు రెండు నిమిషాలు గీయకుండా సిగ్నల్ దగ్గర చూడండి, వినండి. ఎర్రలైటు పడితే బళ్లు ఒక్కొక్కటే వచ్చి చేరతాయి. వాటికి పొట్టి నిలువు గీతలు, పోనుపోనూ ఒత్తుగా. పచ్చలైటు పడగానే ఆ ముద్దంతా ఒక్కసారి కదులుతుంది. అప్పుడు కడ్డీని పడుకోబెట్టి, భుజం నుంచి ఒకే ఊపున లాగండి. మణికట్టుతో లాగితే గీత కాసేపటికే వంపు తిరుగుతుంది.

ఎక్కువమంది తప్పు చేసేది ఎడం దగ్గర. గీతకీ గీతకీ మధ్య ఎడం ఒకేలా పెడితే ట్రాఫిక్ రాదు, కిటికీ ఊచలు వస్తాయి. 2 మిల్లీమీటర్లు, మళ్లీ 2, తర్వాత 5, ఉన్నట్టుండి 30... ఇలా పెట్టి చూడండి, కన్ను పరిగెత్తి ఆగుతుంది. డప్పు దరువులో దెబ్బ ఎంత ముఖ్యమో, దెబ్బల మధ్య విరామమూ అంతే. ఆ ఖాళీని దయచేసి నింపకండి.

ఎడం సమానంగా ఉండాల్సిన చోటు ప్రకాశం బ్యారేజీ. 70 గేట్లు, ఒకే వరస. ఇక్కడ బ్రష్ పెన్ అద్భుతం అండి! మొన ఆనిస్తే వెంట్రుకంత, నొక్కితే చీపురుపుల్లంత. ఎడం మార్చకుండా ఒత్తిడి మారిస్తే నీళ్ల కదలిక తెలిసిపోతుంది. కానీ గరుకు కాగితం మీద దీని మొన త్వరగా చీలుతుంది, దీనికి మాత్రం నున్నటిదే వాడండి.

డచ్ చిత్రకారుడు మాండ్రియన్ 1942–43లో న్యూయార్క్ మీద వేసిన 'బ్రాడ్‌వే బూగీ వూగీ' తప్పక చూడండి. పసుపు పట్టీలు, వాటి మధ్య ఎరుపు, నీలం చదరాలు. అయితే ఆ తిన్నటి గళ్లని వన్ టౌన్ సందులకి అతికించకండి, అతకవు.

మన ఉక్కకి చెయ్యి చెమటపట్టి బొగ్గు అలుక్కుపోతుంది, అరచేతి కింద కాగితం ముక్క పెట్టుకోండి. బొగ్గు రాలకుండా పట్టి ఉంచే స్ప్రే, ఫిక్సేటివ్, 30 సెంటీమీటర్ల దూరం నుంచి, పల్చగా రెండుసార్లు కొట్టండి. ఒకేసారి తడిపేస్తే బొగ్గు కారిపోతుంది.

ఒక్కటే కొనాలంటే నా ఓటు చార్‌కోల్‌కే. దగ్గరగా చూపిస్తాను, చూడండి: గుడ్డతో తుడిచినా గీత పూర్తిగా పోలేదు, బూడిదరంగు జాడ మిగిలింది. ఇప్పుడే వెళ్లిపోయిన బండిలా ఉంది కదా? దాన్ని అలాగే ఉంచి, పక్కన కొత్త గీత వెయ్యండి.