విత్తనాల స్టార్టర్ కిట్ రివ్యూ: పెట్టెలో ఏది పనికొస్తుంది, ఏది దండగ?

నమస్కారమండీ. బెంగళూరులో బాల్కనీ తోట మొదలుపెట్టేవాళ్లు ముందు కొనేది ఇలాంటి పెట్టెనే. ఇందులో 98 గుంతల ప్రోట్రే (నారు పెంచే ట్రే), దానికో ప్లాస్టిక్ మూత, 650 గ్రాముల కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) ఇటుక, ఆరు విత్తనాల పొట్లాలు ఉన్నాయి: టమాటా, మిర్చి, మెంతి, ముల్లంగి, బంతి, జినియా.

ట్రే బాగానే ఉంది. కాకపోతే 98 గుంతలు నర్సరీవాళ్ల లెక్క. ఇంటికి ఇరవై చాలు, కత్తెరతో కోసుకోండి.

పెట్టెలో అసలు సరుకు కోకోపీటే. మూడు నాలుగు లీటర్ల నీళ్లు పోస్తే ఎనిమిది తొమ్మిది లీటర్లకు పొంగుతుంది. అందులో ఉప్పు ఉండొచ్చు, అందుకని రెండుసార్లు నీళ్లు మార్చి పిండెయ్యండి. పిడికిట్లో నొక్కితే ఒకటి రెండు చుక్కలు రాలాలి, ధార కట్టకూడదు. అదే పదును. దీంట్లో మొక్కకు తిండి దాదాపు ఉండదు కాబట్టి మూడు పాళ్లకు ఒక పాలు వర్మీకంపోస్ట్ కలపండి.

ఇక విత్తనాలు. ఇక్కడే కిట్‌కి మార్కులు పోయాయి. పొట్లం మీద పరీక్షించిన తేదీ లేదు, గడువు లేదు, మొలక శాతమూ లేదు. ధ్రువీకరించిన విత్తనానికి కనీస మొలక టమాటాలో 70 శాతం, మిర్చిలో 60. అంటే పది మిర్చి గింజల్లో ఆరు మొలిస్తే అది లోపం కాదు. విత్తనాలు మాత్రం విడిగా కొనండి. బెంగళూరు దగ్గర హెసరఘట్టలోని ఐఐహెచ్‌ఆర్ (భారత ఉద్యాన పరిశోధన సంస్థ) రకాల్లో అర్క వికాస్ టమాటా నుంచి మళ్లీ గింజ తీసి దాచుకోవచ్చు. అర్క రక్షక్ హైబ్రిడ్, దాని గింజ వేస్తే అదే మొక్క రాదు.

పెట్టెలోని కాగితం అన్నిటినీ అంగుళం లోతున పెట్టమంటోంది. వద్దు! టమాటా, మిర్చి అర సెంటీమీటరు చాలు. మెంతి, ముల్లంగి అసలు ట్రేలో వేయకండి, నేరుగా కుండీలో చల్లండి. ముల్లంగిని పీకి నాటితే గడ్డ చీలికలవుతుంది.

టమాటా వారంలో మొలుస్తుంది, మిర్చికి రెండు వారాలు పట్టొచ్చు. డిసెంబరు, జనవరి చలిలో ఇంకా ఆలస్యం. ఆ కంగారులో రోజూ నీళ్లు పోస్తారు చూడండి, అక్కడే నారుకుళ్లు మొదలవుతుంది: కాడ మొదట్లో దారంలా సన్నబడి మొక్క పడిపోతుంది. పైపొర ఆరాకే తడపండి. మొలక కనిపించిన రోజే మూత తీసి ఎండ తగిలే చోటికి మార్చండి. ఎండ చాలకపోతే కాడలు సాగి వాలిపోతాయి.

టమాటా నారు 25 రోజులకు, మిర్చి 35 నుంచి 40 రోజులకు కుండీలోకి మార్చొచ్చు. టమాటా కాడను కాస్త లోతుగా పాతితే అక్కడా వేర్లు వస్తాయి. మిర్చిని మాత్రం ట్రేలో ఉన్న లోతులోనే, ఎండ తగ్గాక సాయంత్రం నాటండి.