సోడియం పరమాణువుకు కళ్లెం: విలియం ఫిలిప్స్ పరిశోధన

అందరికీ నమస్కారం.

లేజర్ తగిలితే ఏదైనా వేడెక్కుతుందనే అనుకుంటాం. ఆ లేజర్‌తోనే పరమాణువులను చల్లబరిచారు ప్రొఫెసర్ విలియం ఫిలిప్స్. ఎంఐటీలో డేనియల్ క్లెప్నర్ దగ్గర పీహెచ్‌డీ చేసి, 1978లో అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థలో చేరారు. తర్వాత మేరీలాండ్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ కూడా అయ్యారు. పదవుల సంగతి ఇంతటితో చాలు, ప్రయోగంలోకి వెళ్దాం.

పరమాణువులను చల్లబరచడమంటే వాటి వేగం తగ్గించడమే. వేడి చేసిన సోడియం నుంచి పరమాణువులు సెకనుకు దాదాపు 1000 మీటర్ల వేగంతో దూసుకొస్తాయి. ఎదురుగా 589 నానోమీటర్ల పసుపు లేజర్ పెడతారు. ఒక్కో ఫోటాన్‌ను, అంటే కాంతి రేణువును, మింగినప్పుడల్లా వేగం సెకనుకు 3 సెంటీమీటర్లు తగ్గుతుంది. అంటే పరమాణువు ఆగడానికి 30 వేలకు పైగా ఫోటాన్లు కావాలి. చిక్కంతా ఇక్కడే. 1000 మీటర్ల వేగం దగ్గర డాప్లర్ మార్పు, అంటే కదలిక వల్ల పరమాణువుకు కాంతి పౌనఃపున్యంలో కనిపించే తేడా, 1700 మెగాహెర్ట్జ్. పరమాణువు కాంతిని పట్టుకోగల పౌనఃపున్యాల వెడల్పు మాత్రం 10 మెగాహెర్ట్జే. రెండు మూడు వందల ఫోటాన్లు తగిలేసరికి వేగం తగ్గి, పరమాణువు లేజర్‌తో శ్రుతి తప్పుతుంది. ఇంకో చిక్కు: సోడియం నేలస్థాయి (అతి తక్కువ శక్తి ఉన్న స్థితి) 1772 మెగాహెర్ట్జ్ తేడాతో రెండుగా చీలి ఉంటుంది. పొరపాటున రెండో మెట్టులోకి జారిన పరమాణువు లేజర్‌కు కనబడదు.

1982లో ఫిలిప్స్, హెరాల్డ్ మెట్‌కాఫ్ ఈ రెండింటికీ ఒకే మందు వేశారు. దారి పొడవునా తీగచుట్ట అమర్చారు. మొదట్లో చుట్లు ఎక్కువ, పోనుపోను తక్కువ. తీగచుట్ట పుట్టించే అయస్కాంత క్షేత్రం పరమాణువు పట్టుకునే పౌనఃపున్యాన్ని జరుపుతుంది. వేగం తగ్గేకొద్దీ ఆ క్షేత్రమూ తగ్గి, పరమాణువును లేజర్‌తో శ్రుతిలోనే ఉంచుతుంది. ఆ క్షేత్రంలో వృత్తాకార ధ్రువణ కాంతి (కంపన దిశ గుండ్రంగా తిరిగే కాంతి) వాడితే రెండో మెట్టులోకి జారడమూ బాగా తగ్గుతుంది. ఎంత అందమైన ఉపాయం!

1985లో బెల్ ల్యాబ్స్‌లో స్టీవెన్ చూ బృందం ఆరు దిక్కుల నుంచి లేజర్లు పెట్టి, బెల్లం పాకంలో చీమలా పరమాణువులను ఇరికించింది. ఉష్ణోగ్రత దాదాపు 240 మైక్రోకెల్విన్లు, అంటే పరమశూన్యానికి పైన డిగ్రీలో పది లక్షల వంతుల్లో 240. సిద్ధాంతం ప్రకారం అంతకు దిగువ లేదు. 1988లో ఫిలిప్స్ బృందం లేజర్లు ఆర్పి, పరమాణువులు కాస్త దూరంలోని పరీక్ష కిరణాన్ని చేరే సమయాన్ని కొలిచింది. 43 మైక్రోకెల్విన్లు వచ్చింది! వేరే పద్ధతుల్లో కొలిచినా ఫలితం మారలేదు. లేజర్ పౌనఃపున్యాన్ని పాత లెక్క చెప్పినదానికన్నా దూరం జరిపితే చల్లదనం ఇంకా పెరిగింది.

కారణం తేల్చింది పారిస్‌లో దాలిబార్, కోహెన్-తనూజీ, స్టాన్‌ఫర్డ్‌లో చూ బృందం. సోడియం నేలస్థాయిలో ఉపస్థాయిలు చాలా ఉన్నాయి. కాంతి ధ్రువణం చోటుచోటుకీ మారుతుంటే, పరమాణువు పదేపదే శక్తి గుట్ట ఎక్కి, తన వేగపు శక్తిని పోగొట్టుకుంటుంది. పాత లెక్క పరమాణువుకు రెండే స్థాయిలు అనుకుంది. చూ, కోహెన్-తనూజీ, ఫిలిప్స్‌లకు 1997లో నోబెల్ వచ్చింది.

ఈ చల్లదనం మిగిలిపోయిన కొద్దిపాటి అయస్కాంత క్షేత్రానికే చెడుతుంది. అందుకే పరమాణువులుండే గది చుట్టూ మూడు దిశల్లో మూడు జతల తీగచుట్టలు పెట్టి, ముందుగా భూమి క్షేత్రాన్ని రద్దు చేయాలి.