పాపిట దగ్గర అరంగుళం

(పెన్షనర్ల దినోత్సవం నాడు తణుకులో ఒక రిటైర్డ్ బయాలజీ టీచర్ చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. అధ్యక్షులవారికి, వేదిక మీదున్న పెద్దలకి, పొద్దున్నే వచ్చి కుర్చీలు వేసిన కుర్రాళ్లకి, వెనకాల పులిహోర కలుపుతున్నవాళ్లకి కూడా నమస్కారం. వాసన ఇక్కడిదాకా వస్తోంది కాబట్టి మిమ్మల్ని ఎక్కువసేపు ఆపలేనని నాకు తెలుసు.

1982లో ఇదే డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు పెన్షన్ మన హక్కు, ఎవరి దయా కాదు అని చెప్పింది. ఏటా చెప్పుకునేదే, నేను ఒక్క వాక్యంతో సరిపెడతాను. డీఏ బకాయిల సంగతి కార్యదర్శిగారు చూసుకుంటారు. ఆయన మొదలుపెడితే ఇంకెవరికీ టైం మిగలదు, అందుకే నన్ను ముందు మాట్లాడమన్నారనుకుంటా.

నాకిచ్చిన అంశం 'పదవీ విరమణ తర్వాత ఆరోగ్యం'. షుగరు, బీపీ, మోకాళ్ల గురించి నా తర్వాత డాక్టరుగారు చెబుతారు. మోకాళ్లు ఆయనకి వదిలేసి నేను తలకాయ పట్టుకుంటాను. తల అంటే లోపలున్న మెదడు కాదు, పైనున్న జుట్టు. ముందు వరుసలో ఎవరో నవ్వారు. నవ్వండి. ఇది కూడా ఆరోగ్యమే అని పది నిమిషాల్లో మీరే ఒప్పుకుంటారు.

నాకు మొదటి తెల్ల వెంట్రుక 34వ ఏట వచ్చింది. నేను చూసుకోలేదు. తొమ్మిదో తరగతిలో బోర్డు మీద బొమ్మ వేస్తుంటే ముందు బెంచీ పిల్ల "టీచర్, మీకు తెల్ల వెంట్రుక" అంది. క్లాసంతా నిశ్శబ్దం. చర్మం గురించి, దానికి రంగునిచ్చే మెలనిన్ గురించి అంతకు ముందు నెలే ఆ పిల్లలకి చెప్పాను. కుదుట్లో మెలనిన్ తయారుచేసే కణాలుంటాయి, అవి తగ్గిపోయినప్పుడు కొత్తగా వచ్చే వెంట్రుకకి రంగు అందదు, అంతే, దానికదే జబ్బు కాదు అని గడగడా చెప్పిన నేను, ఇంటికెళ్లి దాన్ని పీకేశాను. ఒకటి పీకితే ఏడొస్తాయన్నది వట్టి మాట అని కూడా నేనే చెప్పాను పిల్లలకి. అయినా పీకుతూ ఏడు వస్తాయేమోనని భయపడ్డాను. సైన్సు నోట్లో ఉంటుంది, భయం వేళ్లలో ఉంటుంది.

ఆ తర్వాత 23 ఏళ్లు రంగు వేశాను. మూడు వారాలకోసారి, ఆదివారం పొద్దున. లెక్కల మాస్టారు ఇక్కడే ఉన్నారు, తప్పైతే చెప్పండి: ఏడాదికి పదిహేడు ఆదివారాలు, 23 ఏళ్లకి దాదాపు నాలుగు వందలు. నాలుగు వందల ఆదివారాలు నేను పాత తువ్వాలు భుజాల మీద కప్పుకుని, నుదుటికీ చెవులకీ వాజిలిన్ రాసుకుని, పెరట్లో స్టూలు మీద కూర్చున్నాను. వెనకవైపు నాకు అందదు కదా, మా ఆయన పాత టూత్ బ్రష్‌తో పూసేవారు. పాపం, ఒక్కరోజు కూడా విసుక్కోలేదు. బాత్రూంలో తెల్ల టైల్ మీద పడ్డ మచ్చ ఇప్పటికీ ఉంది. దిండు గలీబులన్నీ ముదురు రంగువే కొనేదాన్ని.

మధ్యలో గోరింటాకు ప్రయత్నించలేదా అంటే, ప్రయత్నించాను. నల్ల వెంట్రుక మీద గోరింటాకు పెద్దగా కనబడదు, తెల్లదాని మీద నారింజ రంగు తేలుతుంది. తల నాది, రంగు గుడి ముందు జెండాది. అప్పుడు బజారులో 'నల్ల గోరింటాకు' అని, హెర్బల్ అని ప్యాకెట్లు తెచ్చాను. ప్యాకెట్ ముందు ఆకుల బొమ్మ. అయ్యా, అమ్మా, ఆకు నలగ్గొడితే కాకి నలుపు రాదు. నీలి ఆకు కలిపితే కొంత వస్తుంది, అదీ ఓపికతో రెండు దఫాలుగా పెట్టాలి. పది నిమిషాల్లో నల్లగా వచ్చిందంటే లోపల వేరేది ఉందన్నమాట. ప్యాకెట్ వెనక్కి తిప్పండి, కళ్లజోడు పెట్టుకుని చదవండి. పారాఫినిలీన్ డయమీన్ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. పీపీడీ అంటారు, జుట్టుని నల్లగా చేసే రసాయనం అదే. 1907లో పారిస్‌లో ఒక యువ కెమిస్టు తయారుచేసిన జుట్టు రంగే పెరిగి ఇవాళ లోరియల్ అనే పెద్ద కంపెనీ అయింది. అప్పటినుంచి ఇప్పటిదాకా ఈ రంగుల కుటుంబం పెద్దగా మారలేదు. ఏమాటకామాటే, చాలామందికి అది ఏమీ చెయ్యదు. నాకూ 23 ఏళ్లు ఏమీ చెయ్యలేదు.

ఇక్కడ కాస్త ఆగుతాను. ఇదే అసలు సంగతి.

మా చిన్నమ్మాయి పెళ్లి. నాకు 57. ముహూర్తానికి రెండు రోజుల ముందు రంగు వేశాం. పెళ్లికూతురి తల్లిని కదా, ఫొటోల్లో బాగుండాలి. ఆ రాత్రి తల దురద. ఇంట్లో చుట్టాలు, పనులు, దురదని ఎవరు పట్టించుకుంటారు? మర్నాడు చెవుల వెనక నీటి పొక్కులు. పెళ్లి రోజు తెల్లారేసరికి రెండు కళ్లూ మూసుకుపోయాయి. అద్దంలో చూసుకుందామంటే కళ్లు తెరుచుకోవు. రెప్పలు వేళ్లతో విడదీసి చూసుకున్నాను. ఆ మొహం నాది కాదు.

చర్మం డాక్టరుగారు ఇంజక్షన్ ఇచ్చి ఒక్క మాట అన్నారు: "అమ్మా, ఇది కొత్తగా వచ్చింది కాదు. వంటికి పడని సంగతి లోపల పెరుగుతూ వచ్చి ఇవాళ బయటపడింది." బయాలజీ టీచర్‌కి ఎలర్జీ గురించి ఇంకొకరు చెప్పాల్సొచ్చింది. ఇన్నేళ్లు పడింది కదా, ఇప్పుడెందుకు పడదు అనే మాట ఉంది చూశారూ, అదే ప్రమాదం. ఎన్నేళ్ల తర్వాతైనా తిరగబడొచ్చు. ఒకసారి తిరగబడ్డాక సాధారణంగా జన్మంతా వదలదు. మళ్లీ వేస్తే ఇంకా ఎక్కువ వస్తుంది.

జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు నా కూతురి మొహం నాకు సన్నటి గీతలోంచి కనబడింది. ఆల్బంలో నేను ఉన్నాను, అన్నిట్లోనూ పక్కకి తిరిగి ఉన్నాను. ఒక ఫొటోలో అయితే ఫొటోగ్రాఫర్ మంచి మనసుతో నా మొహాన్ని కంప్యూటర్లో సరిచేశాడు. అది ఎవరో నాకు తెలియదు.

మీకు తెలుసా, ఆ పెళ్లిలోనే, ఆ వాపు మొహంతోనే ఉన్న నాతో ముగ్గురు చెప్పారు: "ఆ కంపెనీది మానేసి ఫలానా కంపెనీది వాడి చూడు." మానెయ్యి అని ఒక్కరూ అనలేదు. చేతులెత్తండి, ఇక్కడ రంగు వేసుకునేవాళ్లు ఎంతమంది? ఎత్తరు. సరే, అందులో డబ్బా మీద రాసినట్టు 48 గంటల ముందు చెవి వెనక చిన్న చుక్క పెట్టి చూసుకున్నవాళ్లు? అదే. నేనూ ఒక్కసారీ పెట్టలేదు.

అధ్యక్షులవారు చీటీ పంపారు. 'ఐదు నిమిషాలు.' సరేనండి.

మానెయ్యడం నాకు కష్టం కాలేదు, డాక్టరే మాన్పించారు. జుట్టు నెలకి సుమారు అరంగుళం పెరుగుతుంది. నడుందాకా జుట్టున్న మనిషికి తెల్లది కిందిదాకా దిగాలంటే ఏళ్లు పడుతుంది. నేను భుజాల దాకా కత్తిరించేశాను, అయినా రెండేళ్లు పట్టింది. పైన తెలుపు, కింద నలుపు, చీరకి అంచు తిరగేసి కుట్టినట్టు. ఆ రెండేళ్లలో నేను కూరల బజారుకి వెళ్లినప్పుడల్లా జరిగినది చెబుతాను.

తెలిసినావిడ ఎదురొస్తుంది. నా తల చూస్తుంది. తర్వాత నుదుటి బొట్టు చూస్తుంది. తర్వాత మెడ చూస్తుంది. అప్పుడు, "ఇంట్లో అందరూ బాగానే ఉన్నారా?" అని అడుగుతుంది. అర్థమైందా అండీ ఏమడిగిందో? మా ఆయన పక్కనే వంకాయల సంచితో నిలబడి ఉండేవారు. ఆయన తల నాకన్నా ముందే దూదిలా అయిపోయింది. ఆయన్ని ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, అడగలేదు ఇంట్లో అందరూ బాగున్నారా అని. మగాడి తల నెరిస్తే పెద్దమనిషి. నాకైతే ఏదో జరిగి ఉండాలి.

మా వదిన అయితే డొంకతిరుగుడు లేకుండా చెప్పింది: "నువ్వలా తిరిగితే నా వయసు కూడా బయటపడుతుంది." అది నిజం చెప్పింది, నాకు నచ్చింది.

మా స్కూల్లో తెలుగు మాస్టారు ఉండేవారు. నేను తెల్లజుట్టుతో స్టాఫ్ రూంలోకి వెళ్లిన రోజున ఆయన కాళిదాసు రఘువంశం ఎత్తుకున్నారు. పన్నెండో సర్గలో ముసలితనం తెల్ల వెంట్రుక వేషం వేసుకుని దశరథుడి చెవి దగ్గరికి వచ్చిందట. కైకేయికి వినబడుతుందేమో అన్నట్టు, రాజ్యం రాముడికిచ్చెయ్యి అని గుసగుసలాడిందట. ఎంత బాగుంది! చెప్పిన మాస్టారి తల మాత్రం కాటుక డబ్బా. "మాస్టారూ, మరి మీ చెవి దగ్గరకొచ్చినదాన్ని మాట్లాడనివ్వలేదే" అన్నాను. స్టాఫ్ రూం అంతా నవ్వారు. ఆయన వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఇప్పుడనిపిస్తుంది, నేను అనకుండా ఉండాల్సింది. నన్ను బజార్లో అడిగినవాళ్లకీ నాకూ తేడా ఏముంది?

మళ్లీ చీటీ వచ్చింది. ఆరోగ్యం చెప్పమన్నారు కాబట్టి రెండు ఉపయోగపడే మాటలు చెబుతాను. తెల్ల వెంట్రుక నిజానికి తెల్లగా ఉండదు, దానికి రంగే లేదు. పంచదార పలుకు చూడండి, విడిగా గాజులా ఉంటుంది, పోగేస్తే తెల్లన. ఇదీ అంతే. రంగు లేదు కాబట్టి ఏది తగిలినా పట్టేస్తుంది. ఎండకి, పొగకి, బోరు నీళ్లలో ఇనుముకి, ఆకులు మరిగించిన రంగు నూనెలకి పచ్చబడుతుంది. ఎండలో గొడుగు వెయ్యండి. ఆవనూనె మానేసి స్వచ్ఛమైన కొబ్బరినూనె రాయండి, అదీ తలంటుకి ముందురాత్రి కొంచెం. వయసుతో మాడు మీద జిడ్డు తగ్గి జుట్టు గరుకవుతుంది, కాబట్టి కుంకుడుకాయ రసం కాస్త పల్చగా చేసుకోండి, వారానికి రెండుసార్లు చాలు. పచ్చదనం మరీ బాధిస్తే ఊదారంగు షాంపూలు దొరుకుతున్నాయి. మన అమ్మలు తెల్ల పంచెలకి నీలిమందు పెట్టేవారే, అదే కిటుకు. అలాగని నీలిమందు తలకి పెట్టకండి, నాకు ఫోన్లు వస్తాయి.

మీ మనవలకి పాతికేళ్ల లోపే నెరుస్తోందనుకోండి, తిట్టకండి, టీవీ వల్ల అనకండి. చాలావరకు అది ఇంటి వరసే. అయినా ఒకసారి బీ12, థైరాయిడ్ పరీక్ష చేయించండి. మాంసం, గుడ్డు ముట్టని ఇళ్లలో బీ12 తగ్గడం మామూలే.

రంగు వేసుకునేవాళ్లని నేను మానెయ్యమనడం లేదు. ఇష్టమైతే వేసుకోండి, చెవి వెనక చుక్క పెట్టి రెండు రోజులు ఆగి వేసుకోండి. నేను బతిమాలేది మిగతావాళ్లని. తెల్లజుట్టుతో ఎవరైనా ఆడమనిషి ఎదురొస్తే ఆవిడ మెడ వంక చూడకండి. ఏమైందని అడగకండి. వంకాయలు కిలో ఎంత అని అడగండి.

మూడో చీటీ. దీంట్లో ఏమీ రాయలేదు, వట్టి కాగితం. అయిపోయిందండి.

ఒక్క మాట. మా వదిన ఇక్కడే ఉంది, నాలుగో వరుసలో, ఆకుపచ్చ చీర. వదినా, నీ మాట సభలో చెప్పినందుకు ఏమీ అనుకోకు. మైకు దగ్గర నిలబడితే ఎత్తు మీదనుంచి అందరి పాపిళ్లూ కనబడతాయి. నీ పాపిట దగ్గర అరంగుళం తెల్లగా ఉంది. మూడు వారాలకోసారి వేసేదానివి కదా, ఇది నెల దాటిన లెక్క. భోజనాల దగ్గర నా పక్కన కూర్చో.