ఇటుక బట్టీ పిల్లగాన్ని ఒకటో తరగతిల ఎందుకు కూసోబెడుతున్నరు?

బడి సార్లకు, మేడమ్‌లకు నమస్తే. సీదా ముచ్చట్లకు వస్త.

పెద్దపల్లి, కరీంనగర్ దిక్కు ఇటుక బట్టీలు షురూ అయినయంటే ఒడిశా నుంచి కుటుంబాలు దిగుతయి. బలాంగిర్, నువాపడా దిక్కోళ్లు ఎక్కువ. అక్కడ వరికోతలైనంక వస్తరు, వానలు పడకముందే పోతరు. పిల్లలు గూడ వెంటనే. తొమ్మిదేండ్ల పిల్లగాడు, ఊర్ల మూడో తరగతి చదివినోడు, ఇక్కడ బళ్లెకొస్తే ఏం చేస్తరు? "వీనికి తెలుగు రాదు గదా" అని ఆరేండ్ల పిల్లల నడుమ ఒకటో తరగతిల కూసోబెడతరు. నాకు మంట లేసేది గీడనే. తెలుగు రాకపోతే చదువే రానట్టా?

వరినాటు యాదికి తెచ్చుకోండి. నారు పీకి పొలంల నాటినంక వారం, పది రోజులు ఎట్లుంటది? పచ్చదనం పోయి, వాడిపట్టి, ఇగ లేవదేమో అన్నట్టు. అయినా ఏ రైతూ "సచ్చింది" అనడు. కింద కొత్త వేర్లు పడుతున్నయి, మూన తిరగాలె, అంటే వేరు పట్టి మళ్ల పచ్చబడాలె అని ఎరుకే. కొత్త భాష నడుమ పడ్డ పిల్లగాడు నోరు తెరవకపోవుడు గూడ గట్లనే. వారాలు పట్టొచ్చు, ఒక్కోసారి నెలలు. అప్పుడు వాడు ఊకె కూసోలేదు, వింటున్నడు. "పుస్తకం తియ్యి" అంటే మొదట్ల పక్కోన్ని చూసి తీస్తడు. కొన్ని రోజులైనంక ఎవర్నీ చూడకుండనే తీస్తడు. మాట బయటికి రాకున్నా, మూన తిరిగినట్టే.

ఒకటో తరగతిల ఏసుడంటే, నాటిన మొక్కను పీకి మళ్ల నారుమడిల పెట్టుడే. చట్టం గూడ ఒప్పుకోదు. 2009 విద్యాహక్కు చట్టం 4వ సెక్షన్ ప్రకారం వయసుకు తగ్గ తరగతిల చేర్చుకోవాలె, వెనకబడ్డది అందుకునేటందుకు ప్రత్యేక శిక్షణ ఇయ్యాలె. టీసీ రాలేదని ఆపొద్దని 5వ సెక్షన్, వయసు కాగితం లేదని వాపస్ పంపొద్దని 14వ సెక్షన్. "కాగితాలు తెచ్చినంక చూద్దాం" అనేటోళ్లకు ఈ మూడు నంబర్లు చెప్పుండ్రి.

ఇగ నాకు ఇష్టమైన భాగం. ఒడియా లిపి మనకు చదవరాదు గని, లోపల వరుస మనదే: క ఖ గ ఘ ఙ. గుణింతాలున్నయి, ఒత్తులున్నయి. ళ, ణ పలుకుడు గూడ వానికి ముందే వచ్చు. అంటే అక్షరమంటే ఏందో మళ్ల నేర్పే పని లేదు, బొమ్మ మారిస్తే చాలు.

కని రెండు చోట్ల తడబడతడు. మొదటిది తలకట్టు. ఒడియాల "అ" మన "ఒ"కు దగ్గరుంటది. బోర్డు మీద "కమల" రాసి చదవమంటే "కొమొలొ" అంటడు. క్లాసంత నవ్వుతది, సారు "అక్షరాలే రావు" అని రాసుకుంటడు. నిజానికి వాడు మూడక్షరాలూ కరెక్టుగ గుర్తుపట్టిండు! "కొ కాదు" అని పదిసార్లు దిద్దకుండ, మీరే పదం మొత్తం పలికి వానితోని అనిపియ్యుండ్రి. రెండోది ఎ–ఏ, ఒ–ఓ. వాళ్ల దగ్గర ఒక్కోదానికి ఒక్కటే అక్షరం. అందుకే "మెడ", "మేడ" వానికి ఒక్కతీరు. జంటలుగ బొమ్మలతోని చూపియ్యుండ్రి. మొదటి రెండు నెలలు డిక్టేషన్‌ల గీ తప్పుకు ఎర్రపెన్ను ముట్టొద్దు, ఇది నా మాట.

లెక్కలు చూసేముందు ఒక్క పని. ఒడియా పుస్తకాల్ల అంకెలు వేరుంటయి. 1 నుంచి 9 దాకా వాళ్లవి, మనవి పక్కపక్కన రాసిపిచ్చి, ఆనంక కూడికలు ఇయ్యుండ్రి. మాట అక్కర్లేకుండ వాని అసలు స్థాయి బయటపడతది. ఫోన్ల అనువాదం మీద మరీ నమ్మకం పెట్టకుండ్రి. అది పుస్తకాల ఒడియా. వీళ్లల్ల శానామంది ఇంట్ల తమ దిక్కు భాష సంబల్‌పురి మాట్లాడతరు.

టైం అయిపోతుంది, జల్ది చెప్త. నాటిన రోజే యూరియా గుప్పరు గదా. మొదటి వారం ఐదు మాటలే: నీళ్లు, బాత్రూం, అన్నం, నొస్తుంది, సమజ్ కాలే. పక్కన ముచ్చట్లు బాగ పెట్టే పిల్లను కూసోబెట్టుండ్రి, నిశ్శబ్దంగ చదువుకునే ఫస్ట్ ర్యాంకును కాదు. ఆడుకునేటప్పుడు తెలుగు గడగడ మాట్లాడిండని పరీక్షల గూడ అంతే అనుకోకుండ్రి. ముచ్చట భాషకు రెండేండ్లు, పాఠం భాషకు ఐదేండ్లు, ఆ పైన పడుతదని కెనడా పరిశోధకుడు జిమ్ కమిన్స్ ఎప్పుడో చెప్పిండు. బట్టీ పిల్లలు ఉండేది ఒక్క సీజనే, ఆ లెక్కన ఆశ పెట్టుకోండి.

ఆఖరిది, అందరూ మర్చిపోయేది. వేసవిల వాళ్లు చెప్పకుండనే లారీ ఎక్కుతరు. రాష్ట్రం దాటి పోతున్నా హెడ్మాస్టర్ వెంటనే టీసీ ఇయ్యాలె, అది గూడ 5వ సెక్షనే. మార్చిలనే రాసి పెట్టుండ్రి. వచ్చిన తేదీ, కూసున్న తరగతి, ఏమేం వచ్చో రెండు లైన్లు, బడి ఫోన్ నంబర్. తెలుగుల కాదు సార్, ఇంగ్లీషుల. బలాంగిర్ హెడ్మాస్టర్‌కు మన తెలుగు చదవరాదు గదా.