ఒంటిపూట బడి, రెండోపూట నాన్న

తమ్ముడు: నమస్తే అండీ. ఈసారి గొంతు కొంచెం తగ్గించి మాట్లాడుతున్నాను, ఏమీ అనుకోకండి. పక్క గదిలో ఇద్దరూ ఇప్పుడే పడుకున్నారు. పెద్దోడికి ఏడేళ్ళు, చిన్నదానికి నాలుగు. నేనుండేది హైదరాబాద్ కూకట్‌పల్లిలో. ఫోన్‌లో అటువైపు మా అక్క, బందరు నుంచి. అక్కా, వినబడుతోందా?

అక్క: వినబడుతోంది గానీ, నువ్వేంట్రా, దొంగతనానికి వచ్చినవాడిలా ఆ గుసగుసలు?

తమ్ముడు: లేస్తే మళ్ళీ పడుకోబెట్టాల్సింది నేనే కదా! సరే, విషయానికొస్తా. ఒంటిపూట బడులు మొదలై నెల కావస్తోంది. ఇక్కడ తెలంగాణలో మార్చి 15 నుంచి బడి పొద్దున 8కి మొదలై పన్నెండున్నరకి అయిపోతుంది. ఏప్రిల్ 24 నుంచి సెలవులు, మళ్ళీ జూన్ 12న తెరుస్తారు. ఏటా ఇంచుమించు ఇదే లెక్క. ఎండ ముదరకముందే పిల్లలు ఇంటికి చేరాలని పెట్టిన పద్ధతి, బాగానే ఉంది. కానీ ఆ రెండోపూట ఎవరి ఖాతాలో పడుతుందో ఎవరూ చెప్పరు.

అక్క: నీ ఖాతాలో పడిందన్నమాట.

తమ్ముడు: పూర్తిగా. మీ మరదలిది బ్యాంకు ఉద్యోగం. మార్చి 31 దాకా సెలవనే మాట ఇంట్లో కూడా ఎత్తకూడదు. నేనేమో ఇంటి నుంచే పని. ఇంటి నుంచి పని అంటే ఇంట్లో పని లేనట్టే అని లోకం లెక్క. పన్నెండూ యాభైకి ఆటో వస్తుంది, బ్యాగులూ బాటిళ్ళూ నా భుజాన. రెండింటికి మీటింగ్. ఈ గంటలో అన్నం పెట్టాలి, చెమట బట్టలు మార్చాలి, ఏది ఎవరు ముందు తిన్నారో పంచాయితీ తీర్చాలి.

అక్క: కుండ సంగతి చెప్పు, మొన్న ఫోన్‌లో సగమే చెప్పావు.

తమ్ముడు: అదా! కుళాయి ఉన్న కుండ కొన్నాం. మా ఆవిడవాళ్ళది కరీంనగర్ కదా, వాళ్ళు రంజన్ అంటారు. పిల్లలకీ అదే అలవాటైంది, మజ్జిగని కూడా సల్ల అంటారు. నేను కుండ అంటే దిద్దుతారు నన్ను. ఆ రోజు మీటింగ్‌లో నా వంతు వచ్చింది, మాట్లాడుతున్నా. చిన్నది వచ్చి నా మోకాలు గీకుతోంది. ఆగమ్మా అని చెయ్యూపాను. మళ్ళీ వచ్చింది. మూడోసారి వచ్చేసరికి దాని గౌను అంచు తడిసి కాళ్ళకి అంటుకుని ఉంది. చెవి దగ్గరికొచ్చి మెల్లగా, "నాన్నా, రంజన్ ఏడుస్తోంది" అంది. వెళ్ళి చూస్తే కుళాయి తిప్పి వదిలేసింది. హాలంతా నీళ్ళు, సోఫా కింద చెప్పులు తేలుతున్నాయి. పెద్దోడు మాత్రం వాటి మధ్య బోర్లా పడుకుని చేతులాడిస్తున్నాడు. ఈత నేర్చుకుంటున్నాడట.

అక్క: (నవ్వు) ఒళ్ళు చల్లబడిందిలే పాపం. మన అమ్మ ఏం చేసేదిరా? మధ్యాహ్నం కాగానే వరండాలో నీళ్ళు చల్లి, కిటికీలకి తడి గోనెపట్టాలు కట్టేది. నువ్వు బోలెడు కరెంటు పోసి చేసే పని వాడు ఉచితంగా చేశాడు.

తమ్ముడు: ఏసీ లేదక్కా మాకు, కూలరే. ఇక్కడ బాగానే పనిచేస్తుంది. గాలి పొడిగా ఉంటుంది కదా, నీరు గబగబా ఆవిరై గదిని చల్లబరుస్తుంది. కిటికీ కాస్త తెరిచి ఉంచాలంతే.

అక్క: మా దగ్గర తెచ్చి పెట్టి చూడు. సముద్రం పక్కన గాలిలో ముందే బోలెడు తేమ. కూలర్ వేస్తే చల్లదనం రాదు సరికదా, ఒళ్ళంతా జిగటగా తయారవుతుంది. కుండలో నీళ్ళు కూడా మీ ఊళ్ళో చల్లబడినంతగా ఇక్కడ చల్లబడవు. అందుకే బందరు పిల్లలకి మార్చిలోనే చెమటకాయలు. ముంజల తొక్క రుద్దేదాన్ని మా వాళ్ళకి. తగ్గుతుందో లేదో గానీ, రుద్దుతున్నంత సేపూ గోల మానేవాళ్ళు.

తమ్ముడు: ముంజలు ఇక్కడ ఇప్పుడిప్పుడే వస్తున్నాయి. మొన్న లేత కాయ ఒకటి కొట్టించి, మూడు కళ్ళూ చూపించాను పెద్దోడికి. బొటనవేలు పెట్టి తీయాలిరా అన్నాను. వాడు బలమంతా పెట్టి పొడిచాడు. నీళ్ళు చిమ్మి నేరుగా చెల్లి కంట్లో. దాని ఏడుపు, వీడి నవ్వు. ఆ తర్వాత రెండోది అది పొడిచింది, వాడి మొహానికి గురి చూసి మరీ.

అక్క: సరే, పోయినేడాది వాంతుల సంగతి చెప్పు. వినేవాళ్ళలో తల్లులుంటారు, పనికొస్తుంది.

తమ్ముడు: చెబుతా. తప్పు నాదే అందులో. పోయిన ఏప్రిల్‌లో మూడింటికే పార్కుకి వదిలాను, గొడవ భరించలేక. సాయంత్రానికి పెద్దోడికి జ్వరం, రెండు వాంతులు. మందుల షాపుకి పరిగెత్తి ఓఆర్ఎస్ ఇవ్వమన్నాను. ఆరెంజ్ రుచి డబ్బా ఒకటి చేతిలో పెట్టారు, స్ట్రాతో సహా. పేరులో ఆ మూడక్షరాలూ ఉన్నాయి కదా, సరే అనుకున్నాను. వాడికి మహా ఇష్టమైంది, గటగటా తాగేశాడు. అరగంటలో అంతా కక్కేశాడు. రాత్రి డాక్టర్ దగ్గర ఆ ఖాళీ డబ్బా చూపిస్తే, ఇది తీపి పానీయమండీ, మందు కాదు అన్నారు.

అక్క: వాటి మీద పోరాడింది మీ హైదరాబాద్ డాక్టరమ్మే కదా.

తమ్ముడు: అవును, పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు. ఎనిమిదేళ్ళు పోరాడారు. 2025 అక్టోబరులో మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశం ఇచ్చింది, అలాంటి పానీయాల పేర్లలో ఓఆర్ఎస్ అనే మాటే వాడకూడదని. అసలైనది ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం లీటరు నీళ్ళకి 20.5 గ్రాముల పొడి, అందులో గ్లూకోజు 13.5 గ్రాములు. మిగతాది ఉప్పు, పొటాషియం, సిట్రేట్. కొనేటప్పుడు ప్యాకెట్ మీద ఈ లెక్క ఉందో లేదో చూడాలి.

అక్క: కలపడంలోనే తప్పు చేస్తారు చాలామంది. పిల్లాడు కొంచెమే తాగుతాడుగా అని లీటరు ప్యాకెట్లో సగం పొడి గ్లాసు నీళ్ళలో వేస్తారు. అలా చేస్తే ఉప్పు ఎక్కువైపోతుంది. మొత్తం ప్యాకెట్ లీటరు నీళ్ళలో కలపాలి, మిగిలితే మర్నాటికి పారబోయాలి. గ్లాసు ఎత్తి తాగించకూడదు, చెంచాతో పట్టాలి. కక్కితే పది నిమిషాలు ఆగి, మళ్ళీ చెంచా.

తమ్ముడు: చెంచాతో అంటే రాత్రంతా పట్టింది నాకు. వాడి తల నా తొడ మీద, గిన్నె నా చేతిలో. పక్కనే చిన్నది నిద్రలో నన్ను తన్నుతూ. తెల్లవారి ఐదింటికి వాడు ఒంటేలుకి వెళ్తానన్నాడు చూడు, ఆ మాట విన్నంత సంతోషం నాకు జీతం పెరిగినప్పుడు కూడా కలగలేదు.

అక్క: అందుకేనా ఈ ఏడాది ఐదు దాటాకగానీ గడప దాటనివ్వట్లేదు?

తమ్ముడు: అవును. దాంతో ఇప్పుడు అసలు సమస్య, లోపల ఏం చేయాలి? నాలుగైపోతే నిద్రా లేదు, బయటికీ పంపను. "నాన్నా ఏం తోచట్లేదు" అంటారు. ఫోన్ ఇస్తే గంట ప్రశాంతం, లాక్కుంటే రెండు గంటల యుద్ధం. వంతులేశాను, టైమర్ పెట్టాను. టైమర్ కూడా వాళ్ళే ఆపేస్తున్నారు.

అక్క: తోచకపోతే తోచనీరా. నీకెందుకు టెన్షన్? మా పిల్లలకి నేను చేసిందొకటే, చింతగింజల డబ్బా ముందు పెట్టేదాన్ని.

తమ్ముడు: అష్టాచెమ్మా ఆడించేదానివా?

అక్క: ఆట తర్వాత సంగతి. ముందు గింజలు అరగదీయాలిగా. నాలుగు గింజలు, ఒక్కో గింజ ఒకవైపు తెల్లగా వచ్చేదాకా గచ్చు మీద రుద్దాలి. నాలుగూ తెల్లగా పడితే నాలుగు, చెమ్మా. నాలుగూ నల్లగా పడితే ఎనిమిది, అష్టా. ఆట అరగంటలో అయిపోతుంది. రుద్దడానికే గంటన్నర పడుతుంది. నీకు కావాల్సింది ఆ గంటన్నరే.

తమ్ముడు: చిన్నప్పుడు నువ్వు రుద్ది రుద్ది, ఆ కాలే గింజ నా చేతికి చురుక్కున అంటించేదానివి. మర్చిపోయావేమో, నేను మర్చిపోలేదు.

అక్క: మీ వాళ్ళకి నేర్పకు అది.

తమ్ముడు: నేర్పాల్సిన పని లేదు, ఒక్కరోజులో వాళ్ళే కనిపెట్టేశారు. నీ మాట పట్టుకుని పోయిన ఆదివారం ప్రయత్నించాను. అయితే ఒక చిక్కొచ్చింది. మా ఫ్లాట్‌లో గచ్చు ఎక్కడుంది? అన్నీ నున్నటి టైల్సే, గింజ జారిపోతుంది గానీ అరగదు. గోడకి రుద్దబోతే ఓనరు గుర్తొచ్చాడు. చివరికి వంటింట్లో అమ్మ ఇచ్చిన పాత సన్నికల్లు తీసి ముందు పెట్టాను. ఇద్దరూ అటొకరు ఇటొకరు కూర్చుని, నాలుక బయటపెట్టి, ఒకటే రుద్దుడు. తెల్లటి పొడి రాలుతోంది. పెద్దోడు తన గింజ వెలుతురుకి పట్టి చూసి, "ఇంకా గోధుమ రంగే, అవ్వలేదు" అని మళ్ళీ మొదలెట్టాడు. నేను తలుపు పక్కన నిలబడి చూస్తూ మీటింగ్‌కి ఐదు నిమిషాలు ఆలస్యమయ్యాను.

అక్క: సన్నికల్లు కడిగావా తర్వాత?

తమ్ముడు: ...కడుగుతాలే.

అక్క: వారమైంది రా!

తమ్ముడు: మీ మరదలికి చెప్పకు. ఒక్క నిమిషం... కింద ఏదో అరుపు. ముంజల బండి అనుకుంటా. (దూరంగా కేక: ముంజలో!) అయ్యో, అంత గట్టిగా అరిస్తే వీళ్ళు లేస్తారు.

అక్క: లేచే ఉంటారు. చూడు.

తమ్ముడు: లేచారు. తలుపు దగ్గర నాలుగు కాళ్ళు కనిపిస్తున్నాయి. రండి రండి... వద్దు, మైకు లాగకు నాన్నా, అది...

చిన్నమ్మాయి: అత్తా! నేను అన్నయ్య కంట్లోకి కొడతా!

అక్క: కొట్టు తల్లీ. తమ్ముడూ, లేతవి చూసి తీసుకో. డజను ఎంతంటాడో అందులో సగం నుంచి మొదలెట్టు.