అలజడి ఎప్పుడు పుడుతుంది? నల్లగొండ చెప్పే లెక్క

(తెర మీద: పాత నల్లగొండ జిల్లా పటం, కడవెండి మీద ఎర్ర చుక్క)

హక్కులు తొక్కితే జనం తిరగబడతారంటాం. సగమే నిజం. నోరు పూర్తిగా నొక్కిన చోట ఏళ్లకేళ్లు చప్పుడే ఉండదు. నోరు కొంచెం తెరవనిచ్చి మళ్లీ మూస్తేనే అసలు లొల్లి.

నిజాం కాలంలో ‘గస్తీ నిషాన్ 53’ అని ఒక ఉత్తర్వు ఉండేది. సభ పెట్టాలంటే ముందే సర్కారు అనుమతి కావాలి. వెట్టి మీద ఎవరికి చెప్పుకోవాలి? పటేలూ పట్వారీ దొర పక్షమే. 1944 భువనగిరి సభతో, నిజాం రాజ్యంలోని తెలుగువాళ్ల సంస్థ ఆంధ్ర మహాసభలో సభ్యత్వం అణాకే వచ్చింది. ఊళ్లల్లో ‘సంఘం’ పుట్టింది, జనం గొంతు లేచింది. 1946 జులై 4న కడవెండిలో ఊరేగింపు మీద దొర మనుషులు కాల్పులు జరిపారు, దొడ్డి కొమురయ్య నేలకొరిగాడు. అప్పటిదాకా గుత్పలే, అంటే కర్రలే పట్టిన సంఘం ఆ తర్వాత తుపాకులు పట్టింది.

1951 అక్టోబరులో కమ్యూనిస్టులు ఆ సాయుధ పోరాటం విరమించారు. భారత సైన్యం ఒత్తిడి ఉంది, కాదనలేం. కానీ 1952లో అదే నల్లగొండ పోరాట నాయకుడు రావి నారాయణరెడ్డిని నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు పంపింది. పెట్టె దొరికితే జనం ఓటేస్తారు.

(తెర మీద: షామియానా, బారికేడ్లు)

ఇప్పుడు ఆ పెట్టె లాంటిదే పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణ, అంటే ఫ్యాక్టరీకో గనికో పర్యావరణ అనుమతి ఇచ్చే ముందు ఊరి మాట వినే సభ. కేంద్రం ఇచ్చిన 2006 పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన రావాలి, సభంతా వీడియో తీయాలి, చివర్లో మినిట్స్, అంటే సభలో వచ్చిన మాటల సారాంశం, అక్కడే తెలుగులో చదివి వినిపించాలి. మెలిక ఒకటుంది: కోరం లేదు, అంటే కనీసం ఇంతమంది ఉండాలన్న షరతు లేదు. ఊరోళ్లను బారికేడ్ అవతలే ఆపి, లోపల పదిమందితో ముగించినా కాగితం మీద సభ జరిగినట్టే. మైకు అందనోడు మర్నాడు రోడ్డెక్కుతాడు. అప్పుడు గుమిగూడొద్దంటూ 163 సెక్షన్, అంటే పాత 144. అది కారణాలు రాసి ఇవ్వాల్సిన ఉత్తర్వు, మామూలుగా రెండు నెలలు దాటి నిలవదు. న్యాయమైన అసంతృప్తిని అణచడానికి దాన్ని వాడొద్దని సుప్రీంకోర్టు 2020లోనే చెప్పింది.

కాబట్టి అభ్యంతరం ముందే రాసి కాలుష్య నియంత్రణ మండలికి ఇవ్వండి, నకలు మీద ముద్ర వేయించుకోండి. మినిట్స్ చదవకుండా అధికారి లేస్తుంటే, కెమెరా ముందుకెళ్లి ‘సార్, చదవండి’ అనండి. కనీసం ఆ మాటైనా రికార్డులో పడుతుంది.