స్టోర్ గుమస్తాకు కాంట్రాక్టు పాఠం
(చిన్న పరిశ్రమల నిర్వాహకులకు హైదరాబాద్‌లో ఏర్పాటైన కాంట్రాక్టు నిర్వహణ శిక్షణలో తొలి ప్రసంగం)

అందరికీ నమస్కారం. శిక్షణకు వచ్చేవారి జాబితాను నిర్వాహకులు నాకు ముందే పంపారు. యజమానులు ఉన్నారు, జనరల్ మేనేజర్లు ఉన్నారు, అకౌంట్స్ పెద్దలు, న్యాయ సలహాదారులు ఉన్నారు. స్టోర్ చూసేవారు మాత్రం ఒక్కరూ లేరు. సైట్ ఇంజినీర్లు లేరు. గేటు దగ్గర లారీ ఆగితే చలానా మీద ముద్ర వేసే మనిషి లేడు. నా ఫిర్యాదు అక్కడే మొదలవుతుంది.

ఒప్పందం మీద సంతకం మీది. దాని వల్ల వచ్చిన హక్కును కాపాడేదీ, తెలియక జారవిడిచేదీ వాళ్లు. నేను అతిగా చెప్పడం లేదు. చట్టమే ఆ పనిని వారి చేతుల్లో పెట్టింది.

1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలోని 55వ సెక్షన్ చూడండి. గడువు కీలకమైన ఒప్పందం. సరుకు ఆలస్యంగా వచ్చింది. వద్దని ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు మీకు ఉంది. అయినా అవసరం కొద్దీ దించుకున్నారు. ఆ ఆలస్యానికి పరిహారం కావాలంటే, సరుకు తీసుకునేటప్పుడే ‘దీనికి పరిహారం అడుగుతాం’ అని అవతలివారికి తెలియజేయాలి. ఆ పని చేయకపోతే, ఒప్పందంలో వేరే ఏర్పాటు లేనప్పుడు, అడిగే హక్కు పోతుంది. ఆరు నెలలు గడిచాక బిల్లులో కోత పెడదామని అకౌంట్స్ విభాగం ఫైలు తీస్తుంది. అందులో ఏముంటుంది? ‘సరుకు సక్రమంగా అందింది’ అన్న ముద్ర, దాని కింద పొట్టి సంతకం. ఆ సంతకం చేసినాయనకు 55వ సెక్షన్ గురించి మీలో ఎవరైనా ఎప్పుడైనా చెప్పారా?

ఇప్పుడు అమ్మేవారి వైపు నుంచి చూద్దాం. ఇక్కడున్న చాలామందికి 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) అభివృద్ధి చట్టం కంఠతా వచ్చు. సూక్ష్మ, చిన్న సంస్థలకు ఇవ్వాల్సిన సొమ్ముకు ఎంత గడువు రాసుకున్నా 45 రోజులు మించకూడదు; అసలు రాసుకోకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీగా. బాగుంది. కానీ ఈ రోజుల లెక్క ఎక్కడి నుంచి మొదలవుతుంది? కొన్నవారు సరుకు అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, అందిన రోజునే అంగీకరించినట్టు లెక్క. రాసి అభ్యంతరం చెబితే, మీరు ఆ లోపాన్ని సరిచేసిన రోజు నుంచి లెక్క. ఫోన్లో ఎంత గట్టిగా అరిచినా అది అభ్యంతరం కిందికి రాదు. అందుకే తేదీ, సమయం, పేరు స్పష్టంగా కనిపించే చలానా మీ డ్రైవరు తెచ్చాడా లేదా అన్నది, ఎన్నో ఏళ్ల తర్వాత, ఇలాంటి బాకీల వివాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్ ముందు మీ లాయరు గారి వాదన కన్నా బరువైన విషయం కావచ్చు.

కొనుగోలు విభాగంలో ఈమెయిళ్లు పంపేవారినీ మరిచిపోవద్దు. ట్రైమెక్స్, వేదాంత అల్యూమినియం కంపెనీల మధ్య ఆస్ట్రేలియా బాక్సైట్ సరఫరా వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లింది. బేరమంతా ఈమెయిళ్లలో నడిచింది. పద్ధతిగా తయారుచేసిన పత్రం మీద సంతకాలు కాలేదు. అయినా ముఖ్యమైన షరతులకు ఇరుపక్షాలూ ఒప్పుకున్నట్టు ఉత్తరప్రత్యుత్తరాల్లో తేలితే ఒప్పందం కుదిరినట్టేనని 2010లో కోర్టు చెప్పింది. మీ ఆఫీసులో నిన్నగాక మొన్న చేరిన అమ్మాయి ‘సరే, ఖరారు’ అని కొట్టి పంపే ఒక్క వాక్యానికి అంత బలం ఉండవచ్చు. ఆమెకు ఆ సంగతి మీరు చెప్పాలి, కోర్టు కాదు.

యజమానులకు పనికొచ్చే ముచ్చట కూడా ఒకటి ఉంది. గుజరాత్‌లోని ముంద్రాలో దిగుమతి బొగ్గు మీద ఆధారపడి కట్టిన విద్యుత్ కేంద్రాలున్నాయి. 2010లో ఇండోనేషియా తన నిబంధనలు మార్చడంతో అక్కడి బొగ్గు ధర పెరిగింది. ఇది మా చేతిలో లేని విపత్తు అని కంపెనీలు వాదించాయి. 2017లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. పని భారమైనంత మాత్రాన అసాధ్యమైనట్టు కాదంది. అంత పెద్ద కంపెనీలకే ఆ మాట చెప్పారు. ఉక్కు ధర పెరిగిందని మనం చేతులెత్తేస్తే ఎవరు వింటారు? కోవిడ్ తర్వాత నేను చూసిన చాలా ఒప్పంద పత్రాల్లో, విపత్తు వస్తే బాధ్యత నుంచి మినహాయింపు ఇచ్చే పేరా రెండింతలు పెరిగింది, మహమ్మారి పేరు నాలుగు చోట్ల చేరింది. ముడిసరుకు ధర మారితే ఒప్పందం ధరను ఎలా మార్చాలో చెప్పే సవరణ సూత్రం మాత్రం ఎక్కడా కనిపించదు. నిజంగా నష్టం తెచ్చేది ఆ లోటే.

శిక్షణ అంటే తెర మీద నిర్వచనాలు చూపించి, సాయంత్రం సర్టిఫికెట్ పంచడం అని మన దగ్గర స్థిరపడిపోయింది. (ఆ సర్టిఫికెట్లు గోడకు అందంగానే ఉంటాయి, కాదనను.) నా పద్ధతి వేరు. ముగిసిపోయిన పాత ఫైలు ఒకటి తీసి, డబ్బు ఎక్కడ ఆగిందో వెనక్కి వెతుక్కుంటూ వెళ్లాలి. తర్వాత నడుస్తున్న ఒప్పందం తీసుకుని, ఇంగ్లీషులో ఉన్న ఆ నలభై పేజీల నుంచి స్టోర్‌కూ సైటుకూ అవసరమైనదంతా ఒకే పేజీలో, తెలుగులో రాయాలి. ఏ తేదీకి ఏం చేయాలి, ఎవరికి రాయాలి, బ్యాంకు గ్యారంటీ ఎప్పుడు ముగుస్తుంది, పని ఆగితే హిండ్రెన్స్ రిజిస్టర్‌లో (ఆటంకాలు రాసిపెట్టే పుస్తకంలో) ఎవరు నమోదు చేయాలి. ఆ పేజీ రాయలేకపోతే మనకే ఆ ఒప్పందం అర్థం కాలేదని లెక్క. రాయగలిగితే దాన్ని స్టోర్‌లో గోడకు అంటించండి.

ఇప్పుడు పని మొదలుపెడదాం. మీరు తెచ్చిన ఫైల్లో నోటీసుల నిబంధన ఎక్కడుందో వెతకండి. నోటీసు ఏ చిరునామాకు, ఏ పద్ధతిలో పంపాలని అందులో ఉందో, మీవాళ్లు కిందటి నెలలో ఎక్కడికి పంపారో పక్కపక్కన రాయండి. పది నిమిషాలు ఇస్తున్నాను.